జవాబు చెప్పకుండా రైలు నడపడం ఎలా?

నగర రవాణా కాంట్రాక్టు చేజిక్కించుకున్న కంపెనీలకు, వాటి ఎండీలకు, వాళ్ల తరఫున విలేకరులకు ఫోన్లు చేసే పీఆర్వోలకు ముందుగా శుభాకాంక్షలు. స్తంభాలు లేపడం, పట్టాలు పరచడం, సిగ్నళ్లు అమర్చడం ఇంజనీర్లు చూసుకుంటారు. ఆ చదువుకు కాలేజీలున్నాయి. మీరు పడాల్సిన కష్టం వేరు. రోజూ లక్షల మంది మీ బండెక్కుతారు. ఎక్కిన ప్రతివాడికీ ఒక నోరుంటుంది. ఆ నోట్లోంచి ఏదో ఒక రోజు "ఇదేంటండీ ఇలా?" అన్న మాట వస్తుంది. రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చిన మాట సరైన మనిషి దగ్గరికి, సరైన వేళకు చేరకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పనే.

ఈ చిట్కాలన్నిటికీ మూలసూత్రం అదే. ప్రశ్నను చంపాల్సిన పనిలేదు, తిప్పుతూ ఉంటే చాలు. తిరిగి తిరిగి అదే అలిసిపోతుంది.

ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ మెట్రో నుంచి తీసుకున్నాను. పబ్లిక్-ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిన ఇంత పెద్ద మెట్రో దేశంలో ఇంకొకటి లేదు కాబట్టి పాఠాలకు కొదవ లేదు. వాటిలో వచ్చే కంపెనీలు, ప్రభుత్వాలు నా చిట్కాలు చదివి నడిచాయని కాదు. జరిగినవాటిని చూసి నేను నేర్చుకున్న విద్య ఇది.

1. ఇచ్చేవాడిలా రండి

టెండరు వేసేటప్పుడు చెయ్యి చాచకండి, జేబులో పెట్టండి. 2008లో హైదరాబాద్ మెట్రో మొదటి టెండరులో మిగతా కంపెనీలు ప్రభుత్వం ఇంత సాయం చేస్తేనే కడతామన్నాయి. మేటాస్ నాయకత్వంలోని కూటమి మాత్రం మాకేమీ వద్దంది. వద్దనడమే కాదు, 35 ఏళ్లలో 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వానికే ఎదురు కడతామంది. ఆ సెప్టెంబరులోనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

ఎదురు కట్నం ఇస్తానంటూ వచ్చిన అల్లుణ్ణి "ఎందుకిస్తున్నావు నాయనా?" అని నిలదీసే మామ ఉంటాడా? అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. టికెట్ల మీద బతకాల్సిన రైలు ఇంత సొమ్ము ఎక్కణ్ణుంచి తెస్తుంది? దానికి జవాబు పట్టాల మీద లేదు, పట్టాల పక్కన ఉంది. డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర వ్యాపారానికి వాడుకొమ్మని ఇవ్వజూపిన భూమి అప్పటి లెక్కలో 296 ఎకరాలు. రైలు వస్తుందంటే జనం ఆకాశంలో స్తంభాల వంక చూస్తారు. నేల వంక చూసే అలవాటు వాళ్లకు చేయొద్దు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలన్నీ తప్పుడువని దాని అధిపతి రామలింగరాజే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. మేటాస్ ఆ కుటుంబం కంపెనీయే. మెట్రోకు నిధులు కుదరలేదు. జూలైలో ఒప్పందం రద్దయింది. ఈ ముగింపు మీకు అనవసరం. టెండరు గెలిచే ఘట్టం దాకా చదివి పేజీ మడత పెట్టుకోండి.

2. హెచ్చరికను వదిలేసి, హెచ్చరించినవాడి మీద పడండి

ఆ ఒప్పందం వేడిగా ఉన్నప్పుడే ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇంత విలువైన భూమిని కంపెనీ చేతిలో పెడితే రేపు పెద్ద కుంభకోణమవుతుందని దాని సారాంశం. రాసింది దారినపోయే దానయ్య కాదు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టి చూపించిన ఇంజనీరు.

ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. ఆయన మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పాలని, లేకపోతే కోర్టుకు ఈడుస్తామని కన్నెర్ర చేసింది. దాంతో పేపర్లలో చర్చ భూమి దిగి పరువెక్కింది. భూమికి కొలత ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, మార్కెట్ ధర ఉంటుంది. పరువుకు ఇవేవీ ఉండవు. కాబట్టి మిమ్మల్ని ఎవరైనా లెక్క అడిగితే, వెంటనే ఆ లెక్కను మీ పరువు మీదికి, కుదిరితే రాష్ట్ర ప్రతిష్ఠ మీదికి, ఇంకా కుదిరితే దేశ ప్రగతి మీదికి మళ్లించండి. "అభివృద్ధికి అడ్డు పడుతున్నారు" అన్న మాట ఎల్లప్పుడూ జేబులో ఉండాలి.

3. ఒప్పందాన్ని దాచకండి, బరువు పెంచండి

దాచిన కాగితం కోసం జనం వెతుకుతారు. వెబ్‌సైటులో ఓ మూల పడేసిన కాగితం జోలికి ఎవరూ పోరు. కాబట్టి వందల పేజీల ఒప్పందాన్ని, ఇంకో అన్ని పేజీల షెడ్యూళ్లతో కలిపి, స్కాన్ చేసిన బొమ్మల్లా పెట్టండి. అందులో మాట వెతుకుదామంటే దొరక్కూడదు. తెలుగు అనువాదమా? తెలుగులో పెడితే చదివేస్తారు.

ఎందుకింత జాగ్రత్త అంటే, మీకు గుబులు పుట్టించే సంగతులన్నీ ఆ షెడ్యూళ్లలోనే ఉంటాయి. రైళ్లు నూటికి ఎన్ని వేళకు నడవాలి, లిఫ్టు ఎంతసేపు ఆగితే తప్పు, తప్పయితే జరిమానా ఎంత, ప్రభుత్వం తరఫున పనులు తనిఖీ చేసే స్వతంత్ర ఇంజనీరు ఎప్పుడెప్పుడు నివేదిక ఇవ్వాలి, ఇవన్నీ అక్కడే రాసి ఉంటాయి. మన దేశంలో ఇలాంటి ఒప్పందాల్లో ప్రయాణికుల కోసం ఫిర్యాదుల రిజిస్టరు పెట్టాలన్న నిబంధన మామూలే. అది ఎవరడిగినా చూపాల్సిన పుస్తకం. ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో స్టేషన్లో ఒక్కరికే తెలిసేలా, ఆ ఒక్కరూ ఆ రోజు సెలవులో ఉండేలా ఏర్పాటు చేసుకోండి.

టికెట్ ధర చూసి అరిచేవాణ్ణి చూసి బెదరకండి. అరిచి ఇంటికి పోతాడు. షెడ్యూలు పేజీ నంబరుతో సహా వచ్చేవాణ్ణి చూసి బెదరండి. అలాంటివాళ్లు ఊరికి పదిమంది తయారైతే మన విద్య మూలపడ్డట్టే.

4. తిలా పాపం తలా పిడికెడు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా. ఒక్క కంపెనీగా ఎప్పుడూ ఉండకండి. హైదరాబాద్‌లో రెండోసారి టెండరు పిలిచినప్పుడు ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం చాలంది, 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది. అప్పటినుంచి బాధ్యతల అమరిక ఎలా ఉందో చూడండి. ప్రభుత్వం తరఫున హైదరాబాద్ మెట్రో రైల్ అనే సంస్థ. దానికి అటుపక్క ఎల్ అండ్ టీ మెట్రో రైల్ (హైదరాబాద్) అనే కంపెనీ. రైళ్లు నడిపే పని ఆ కంపెనీ కియోలిస్ అనే ఫ్రెంచి సంస్థకు అప్పగించింది. దాని కింద కాపలాకు, శుభ్రతకు, టికెట్లకు మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలు. మొదటి రెండింటి పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, ఉత్తరం రాసేవాడు చిరునామా దగ్గరే తడబడతాడు. ఇవన్నీ చట్టం ఒప్పుకున్న ఏర్పాట్లే. వాటిలోని సౌకర్యం చూడండి చాలు.

ఏదో ఒక నగరం, ఏదో ఒక స్టేషను అనుకోండి. ఎస్కలేటరు ఆగిపోయింది. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ చేతిలో కూరగాయల సంచితో మెట్ల కింద నిలబడింది.

"ఏం బాబూ, ఇది ఎప్పుడు నడుస్తుంది?"

"నేను సెక్యూరిటీ అమ్మా. కౌంటర్లో అడగండి."

కౌంటర్లో అమ్మాయి అద్దం రంధ్రం దగ్గరికి వంగింది. "మేం టికెట్ల వరకేనండీ. కంట్రోలర్ సార్‌ని కలవండి."

కంట్రోలరు మంచివాడే. కుర్చీ చూపించాడు. "నిన్ననే కంప్లయింట్ పెట్టాం అమ్మా. వెండర్ రావాలి."

"ఎవరు నాయనా ఆ వెండరు?"

"అది హెడ్డాఫీసు వాళ్లు చూస్తారమ్మా."

"హెడ్డాఫీసులో ఎవర్ని అడగాలి?"

"హెల్ప్‌లైన్ ఉంది. నంబరు అక్కడ స్తంభం మీద రాసి ఉంటుంది."

స్తంభం ఎస్కలేటరు పై చివర ఉంది. పెద్దావిడ మెట్ల వంక చూసింది, సంచి ఎడమచేతికి మార్చుకుంది, ఆటో పిలుచుకుని వెళ్లిపోయింది.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ కసురుకోలేదు. అందరూ ఉన్నమాటే చెప్పారు. అదే ఈ ఏర్పాటులోని గొప్ప. ఒక్కొక్కరి దగ్గర పిడికెడు నిజం ఉంటుంది. మొత్తం నిజం ఎవరి దగ్గరా ఉండదు. ఎండీ గారి దగ్గర ఉండొచ్చు గానీ, ఆయన దాకా వెళ్లే ఎస్కలేటరు ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుంది.

5. పది రూపాయల అర్జీకి భయపడకండి

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడు మీలాంటివాళ్లు కొందరు కంగారుపడ్డారు. అక్కర్లేదు. ఆ చట్టం ప్రభుత్వ సంస్థలకు, ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థలకు వర్తిస్తుంది. కాబట్టి మొదటి జవాబు సిద్ధంగా ఉంది: "మాది ప్రైవేటు కంపెనీ." ఇదే నోటితో భూమి కావాల్సినప్పుడు "ఇది ప్రజా ప్రయోజన ప్రాజెక్టు" అనాలి. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. రెండు మాటలూ ఒకే ప్రెస్ మీట్‌లో మాత్రం అనకండి.

అర్జీదారు తెలివైనవాడైతే ప్రభుత్వ సంస్థకే రాస్తాడు. అప్పుడు ఆ పది రూపాయల కాగితం ప్రయాణం చూడాలి. ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయమని చట్టం చెబుతుంది. బదిలీ అవుతుంది, అక్కణ్ణుంచి మరో చోటికి పోతుంది. ముప్పై రోజులు గడుస్తాయి. జవాబు వస్తుంది: వాణిజ్య రహస్యం, సెక్షన్ 8(1)(డి) ప్రకారం ఇవ్వలేం. ప్లాట్‌ఫారం మీద ప్రకటన బోర్డుకు ఎంత అద్దె వస్తుందన్నది రహస్యం. స్టేషన్లో దుకాణం ఎవరికి ఏ ధరకిచ్చారన్నది రహస్యం. అర్జీదారు మొదటి అప్పీలుకు వెళ్తాడు. ఇంకో ముప్పై రోజులు, కాదంటే నలభై ఐదు. రెండో అప్పీలుకు సమాచార కమిషన్‌కు వెళ్తాడు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఆ కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేడు. కుర్చీలున్నాయి, ఫైళ్లున్నాయి, కూర్చునే మనిషి లేడు. మీరు వేలెత్తకుండానే ప్రభుత్వం ఇంత సాయం చేస్తుంటే ఇక భయమెందుకు?

ఇక్కడ ఒక్క చోట పారాహుషార్. ఆ చట్టంలోనే సెక్షన్ 2(ఎఫ్) అని ఒకటుంది. ప్రైవేటు సంస్థ దగ్గరున్నా సరే, మరో చట్టం కింద ప్రభుత్వం తెప్పించుకోగల సమాచారమైతే అడగొచ్చని దాని అర్థం. మీరు ప్రభుత్వానికి పంపక తప్పని నెలవారీ నివేదికలను ఎవరైనా ఈ దారిన అడిగితే కాదనడం కష్టం. వాణిజ్య రహస్యమన్నా సరే, ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వాల్సిందేనని ఆ 8(1)(డి) చివర్లోనే రాసి ఉంది. ఈ రెండు సంగతులూ మీ పీఆర్వో నోట ఎన్నడూ రాకూడదు.

6. పెంచడం ఒక్కటే వస్తే చాలదు, తగ్గించడమూ రావాలి

మెట్రో రైల్వేల చట్టం 2002 ప్రకారం మొట్టమొదటి టికెట్ ధర నడిపే సంస్థ చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాత పెంచాలంటే హైకోర్టు న్యాయమూర్తి స్థాయి వ్యక్తి అధ్యక్షతన కమిటీ వేయాలి. అందుకే మొదటి ధర దగ్గర మొహమాటపడకండి. 2014లో ముంబయి వర్సోవా-ఘాట్‌కోపర్ మెట్రో మొదలైనప్పుడు ఒప్పందంలో ఉన్నది 9 నుంచి 13 రూపాయలు, నడిపే కంపెనీ ప్రకటించిన ధర 10 నుంచి 40. ప్రభుత్వమే కోర్టుకెక్కింది. అయినా ధర కంపెనీ మాట మీదే నడిచింది.

కమిటీ వేయాల్సి వచ్చినా మంచిదే. హైదరాబాద్‌లో 2022లో వేశారు. జనం సలహాలు పంపొచ్చని గడువు పెట్టారు. ఇలాంటి గడువు కాలంలో అలికిడి చేయకూడదు. పంపినవాడు పంపుతాడు, తెలియనివాడు తెలియకుండానే ఉంటాడు. ధర పెరిగిన రోజు గగ్గోలు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఆ గడువు సంగతి ఎరగనివాళ్లే.

అసలు పాఠం 2025 మేలో ఉంది. 10 నుంచి 60 రూపాయల దాకా ఉన్న టికెట్లు 17వ తేదీ నుంచి 12 మొదలు 75 దాకా అయ్యాయి. గోల చెలరేగింది. వారం తిరిగేసరికి 24 నుంచి పది శాతం తగ్గింపు అని ప్రకటించారు, 11 మొదలు 69 అయింది. కావాలని ఇలా చేశారని నేననను. ఫలితం చూసి నేర్చుకోమంటున్నాను. 60ని 69 చేశామంటే తిడతారు. 75ని 69 చేశామంటే "ప్రయాణికులకు ఊరట" అని హెడ్డింగు వస్తుంది. తగ్గించడానికి కాస్త మిగుల్చుకుని పెంచడమే చిట్కా.

పార్కింగు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. 2024 ఆగస్టులో నాగోలు స్టేషను దగ్గర బండి పెట్టడానికి డబ్బులనగానే ప్రయాణికులు అక్కడికక్కడే అడ్డం తిరిగారు, నిర్ణయం వాయిదా వేయాల్సి వచ్చింది. టికెట్ ధర పెరిగితే ఎవరికి వారు గేటు దగ్గర తిట్టుకుంటారు. పార్కింగు దగ్గర పదిమంది ఒకేచోట హెల్మెట్లు చేత్తో పట్టుకుని నిలబడతారు. జనాన్ని ఎప్పుడూ ఒకేచోట నిలబడనివ్వకూడదు.

7. నష్టం గట్టిగా, భూమి మెల్లగా

నష్టం ఎప్పుడూ కోట్లలో చెప్పండి. 2020-21లో హైదరాబాద్ మెట్రో నష్టం 1,766 కోట్లు. కరోనాతో రైళ్లు ఐదు నెలలకు పైగా ఆగిన ఏడాది అది. నిజమైన నష్టమే, కాదనడానికి లేదు. అప్పు మీద వడ్డీ ఆగలేదు, టికెట్టు ఆగింది. మీరు నేర్చుకోవాల్సింది ఆ అంకె కాదు, అంకె చెప్పే పద్ధతి. నష్టం చెప్పినప్పుడు టికెట్ల పక్కన పెట్టి చెప్పండి. వినేవాడికి "టికెట్ పెంచకపోతే ఎలా?" అని తనంతట తనకే అనిపించాలి.

ఎందుకంటే ఈ ప్రాజెక్టు టికెట్ల మీదే నడవాలని ఎన్నడూ అనుకోలేదు. రాబడిలో దాదాపు సగం టికెట్లు, 45 శాతం స్థిరాస్తి వ్యాపారం, 5 శాతం ప్రకటనలు అని మొదటి అంచనా. అందుకోసం రెండో ఒప్పందంలో ఇచ్చింది 269 ఎకరాలు, అందులో 212 మూడు డిపోల దగ్గర, 57 స్టేషన్లు, పార్కింగు స్థలాల దగ్గర. మొత్తం 185 లక్షల చదరపు అడుగులు కట్టుకోవచ్చు. ఇంతలో ఎంత కట్టారు, ఎంత అద్దెకు పోయింది, కట్టనిది ఎందుకు కట్టలేదు అన్నవి టికెట్ ధరకు నేరుగా ముడిపడ్డ ప్రశ్నలు. నష్టం వార్త వచ్చిన రోజు ఈ ప్రశ్నలు ఎవరికీ గుర్తు రాకుండా చూడటం మీ నేర్పు. నెపానికి ఇంకో మనిషి దొరికితే మరీ మంచిది. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేయడంతో మెట్రో ఎక్కేవాళ్లు తగ్గారని 2024లో మాతృసంస్థ ఎల్ అండ్ టీ ఆర్థిక వ్యవహారాల అధిపతి అన్నారు. ఆ మాటలో పస ఉందా లేదా అని రాష్ట్రమంతా బస్సుల గురించి వాదించుకుంది. ఆ భూముల గురించి వాదించుకోలేదు.

ఆడిటరును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రైవేటు టెలికం కంపెనీల రాబడిలో ప్రభుత్వానికి వాటా ఉంది కాబట్టి వాటి రాబడి లెక్కలు కాగ్ చూడొచ్చని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రైళ్ల దాకా వస్తుందా రాదా అని ఎవరైనా లాయరు ఆలోచనలో పడితే, ఆయనకు వేరే కేసులు ఇచ్చి పనిలో ఉంచండి.

8. ప్రమాదం జరిగిన రోజు

2019 సెప్టెంబరు 22. వాన పడుతోంది. అమీర్‌పేట స్టేషన్ కింద ఒక యువతి తలదాచుకుంది. పైనుంచి పెచ్చు ఊడి తలమీద పడింది. ఆమె చనిపోయింది. రైలెక్కడానికి వచ్చిన మనిషి కూడా కాదు, వాన తగ్గేదాకా నిలబడ్డ మనిషి. స్టేషను మొదలై అప్పటికి రెండేళ్లు కాలేదు.

ఇలాంటి రోజున చాలామంది ఎండీలు తప్పు చేస్తారు. మౌనంగా ఉంటారు. మౌనం అనుమానం పెంచుతుంది. చాలా మాట్లాడండి. సంతాపం, పరిహారం, విచారణ, "భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం", నిపుణుల బృందం, అన్ని స్టేషన్లలో తనిఖీ. ఇవన్నీ ఒకే సాయంత్రం ప్రకటించాలి. చిక్కు ప్రశ్నలు మూడే ఉంటాయి. ఆ చోటును అంతకుముందు చివరిసారి తనిఖీ చేసింది ఎవరు? ఏ తేదీన? ఆ కాగితం మీద ఏం రాశారు? ఈ మూడిటికి జవాబు ఒక అరపేజీలో పడుతుంది. ఆ అరపేజీని నూరు పేజీల విచారణ నివేదికలో పెట్టించండి, నివేదికను ఫైల్లో పెట్టించండి. మరుసటి వానాకాలానికి పేపర్లలో వేరే వార్త ఉంటుంది. ఆమె ఇంట్లోవాళ్లకు మాత్రం ఉండదు. అయితే వాళ్లు ప్రెస్ మీట్లకు రారు.

9. ఎండీ గారి జీతం, కౌంటరు పిల్ల జీతం

ఏడాదికోసారి రైలెక్కండి. జనం మధ్య, నిలబడి, ఫొటోగ్రాఫరుతో. ఆఫీసు వేళకు కాదు, కడ్డీ పట్టుకోవడానికి చోటుండే వేళకు. మూడు పెట్టెల రైలు ఉదయం తొమ్మిదింటికి ఎలా ఉంటుందో మీకు తెలియడం ఆరోగ్యానికి మంచిది కాదు.

జీతం సంగతి ఎవరైనా ఎత్తితే ఆందోళన పడకండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 197 ప్రకారం స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీ తన ఎండీ జీతం ఉద్యోగుల్లో నడిమివాడి (మీడియన్) జీతానికి ఎన్ని రెట్లో ఏటా చెప్పాలి. చెప్పండి. అయితే ఆ నడిమివాడు ఎవరు? మీ జీతాల పట్టీలో ఉన్నవాడు. గేటు దగ్గర కుర్రాడు, కౌంటరులో అమ్మాయి, తెల్లవారుజామున ప్లాట్‌ఫారం తుడిచే ఆవిడ ఏజెన్సీ మనుషులైతే ఆ లెక్కలోకే రారు. కింద మెట్లు తీసేస్తే నిచ్చెన పొట్టిగానే కనబడుతుంది. 2023 జనవరిలో హైదరాబాద్ మెట్రో టికెట్ కౌంటర్ల కాంట్రాక్టు సిబ్బంది జీతాలు పెంచమని మెరుపు సమ్మె చేశారు. కొత్త సంవత్సరం మొదటి వారంలో స్టేషన్ల దగ్గర జనం బారులు తీరి విసుక్కున్నారు. ఆ విసుగు కౌంటరు అద్దం మీదే ఆగుతుంది, దాటి మీ దాకా రాదు.

10. పోయేటప్పుడు బరువు దించుకుని పోండి

35 ఏళ్లకు రాసుకున్న ఒప్పందంలో 35 ఏళ్లూ ఉండాలని ఎవరన్నారు? 2025 సెప్టెంబరులో హైదరాబాద్ మెట్రో నుంచి తప్పుకోవడానికి ఎల్ అండ్ టీ, తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయి. దాదాపు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వానికి, వాటా కింద సుమారు 2,000 కోట్లు కంపెనీకి. కంపెనీ తాను నష్టపోయాననే అంటుంది, ప్రభుత్వం నగరానికి రైలు మిగిలిందంటుంది. రెండూ నిజమే కావచ్చు. నిష్క్రమణ వేళ బేరం ఇద్దరి మధ్యే జరగాలన్నది మీరు పట్టుకోవాల్సిన పాయింటు. మూడోవాడు, అంటే అప్పు తీర్చబోయేవాడు, మర్నాడు పేపర్లో చదువుకుంటాడు.

ఢిల్లీ ఎయిర్‌పోర్టు మెట్రో కథ ఇంకో దారి చూపిస్తుంది. 2011లో మొదలైంది, మరుసటి ఏడాదే లోపాలు బయటపడి ఆగింది, 2013లో రిలయన్స్ ఇన్‌ఫ్రా వాళ్ల కంపెనీ తప్పుకుంది. మధ్యవర్తుల దగ్గర 2017లో 2,782 కోట్లు, వడ్డీ అదనం, గెలుచుకుంది. 2021లో సుప్రీంకోర్టు సరేనంది. వడ్డీతో అది దాదాపు 8,000 కోట్లకు పెరిగాక, 2024 ఏప్రిల్లో అదే కోర్టు క్యూరేటివ్ పిటిషన్ మీద ఆ తీర్పును తిరగరాసింది. ఈ వ్యాజ్యం నడిచినంతకాలం రైలు ప్రభుత్వ సంస్థ నడిపింది, టికెట్ ధర తగ్గించింది, ఎక్కేవాళ్లు పెరిగారు. ఆ చివరి వాక్యం మీ ప్రసంగాల్లో రానివ్వకండి.

11. వారసత్వం

ఇన్ని చెప్పాక ఒక సందేహం వస్తుంది. రైలు ప్రభుత్వం చేతికి వెళ్తే ఈ విద్యంతా బూడిదలో పోసిన పన్నీరేనా?

దిగులు పడకండి. ప్రైవేటువాడు పోగానే ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికిందనుకుని జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో అడగడం మరిచిపోతారు. వెళ్లిపోయిన కంపెనీని తిట్టుకోవడంలో వచ్చిన యజమానిని చూడరు. 269 ఎకరాలు అక్కడే ఉంటాయి, అప్పు అక్కడే ఉంటుంది, పెచ్చులూడే అంచులు అక్కడే ఉంటాయి, ఏజెన్సీలు పేర్లు మార్చుకుని అక్కడే ఉంటాయి. కొత్త మేనేజింగ్ డైరెక్టరు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. "అది నేను రాకముందు జరిగింది" అనే అద్భుతమైన జవాబు ప్రైవేటు ఎండీలకు లేదు, ప్రభుత్వాధికారికి పుట్టుకతోనే ఉంటుంది.

కాబట్టి ఈ పుస్తకం పారేయకుండా, సంతకం చేసి, తాళాలతో పాటు కొత్తవారికి అప్పగించండి. "కంపెనీ" అన్నచోటల్లా "కార్పొరేషన్" అని పెన్నుతో దిద్దుకోమనండి. సెక్షన్ 2(ఎఫ్) గురించి రాసిన పేరా ఒక్కటి కొట్టేయమనండి, ఎందుకంటే ఇకమీదట అర్జీ నేరుగా వాళ్ల పేరునే వస్తుంది. మిగతాదంతా అక్షరం మార్చకుండా పనికొస్తుంది.